‘హంతకుడు ఉంటుంది’ అన్నాను

చోడవరంలో సత్యనారాయణలు వీధికి పదిమంది ఉన్నారు. ‘ఆడో మగో మైకాయన’ అంటే మాత్రం నేనొక్కణ్ణే. బస్టాండులో దిగి ఆ మాట అడిగితే ఆటోవాళ్ళు తిన్నగా మా గుమ్మం ముందు దింపుతారు. సినిమా హాలు ప్రచారం జీపులో కూర్చుని, మైకు పట్టుకుని ఊరూరా తిరిగి అరవడం నా ఉద్యోగం. ఇరవై రెండో ఏట పట్టుకున్న మైకుని, గొంతు బొంగురుపోయి ఇక అరిస్తే మాటే ఉండదని డాక్టరు చెప్పేదాకా వదల్లేదు.

ఈ పని చచ్చిపోయిందని కొందరంటారు. ఎక్కడ చచ్చింది? బట్టల కొట్టు ఆటోకి గొంతు ఇచ్చేవాళ్ళూ, ఎన్నికలకి రికార్డు చేసేవాళ్ళూ, ఫోన్లో మొహం పెట్టి సినిమాల గురించి మాట్లాడే పిల్లలూ చేస్తున్నదంతా నా పనే. వాళ్ళకి పనికొస్తుందని నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. కానీ ముందు ఒక సంగతి తేల్చుకోవాలి.

నాకు పేరు తెచ్చిపెట్టిన ‘ఆడో మగో అడగొద్దు, చూసినవాళ్ళు చెప్పొద్దు’ అన్న మాట నాది కాదు. మా హాల్లో లేడీస్ గేటు దగ్గర నిలబడే నూకాలమ్మది. ముప్పై ఏళ్ళకి పైగా ఆ సంగతి కడుపులో దాచుకుని ఆ మాట మీద బతికాను. పోయిన నెలలో, ఇక దాచేది లేదు, నలుగురిలో చెప్పి తీరతానని నిర్ణయించుకున్నాను. ఆ మాట ఎలా పుట్టిందో, నేనెలా కాజేశానో, చెప్పిన రోజు ఏమైందో వరసగా రాస్తాను.

సినిమా పేరు మాత్రం రాయను. పేరు రాస్తే ముగింపు చెప్పకూడదు, ముగింపు చెబితే పేరు రాయకూడదు. నా కథకి ముగింపు కావాలి కాబట్టి పేరు వదిలేస్తున్నాను.

మైకు పని

మైకు పనికి గొంతు కంటే కళ్ళు ముఖ్యం. బడి దగ్గర ఆపాలి, ఆసుపత్రి దగ్గర ఆపాలి. ఎవరింటి ముందైనా జనం నేలమీద కూర్చుని కనిపిస్తే మైకు కట్టేసి జీపు నెమ్మదిగా దాటించాలి. చేరిన మొదటి నెలలో నాకివేవీ తెలియవు. కె.కోటపాడు దగ్గర ఒక ఊళ్ళోకి ‘కడుపుబ్బ నవ్వండి, నవ్వలేక చావండి’ అని అరుచుకుంటూ వెళ్ళి సరిగ్గా చావింటి ముందు ఆగాను. లోపలినుంచి ఒక పెద్దాయన వచ్చి జీపు మీద చెయ్యి వేశాడు.

“బాబూ, మాయమ్మ పోనాది. ఇయ్యాల నవ్వలేం. రేపు రా,” అన్నాడు.

రెండు తిట్లు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఆయన తిట్టలేదు. అప్పట్నుంచి నోరు తెరిచే ముందు వీధి చివరిదాకా చూడటం అలవాటు చేసుకున్నాను.

రెండోది భాష. ఇంటి దగ్గర ‘ఏటి, ఎలగ’ అనే నోరే, మైకు అందుకోగానే ‘ఏమిటి, ఎలా’ అనేది. అరిచేటప్పుడు పేపరు తెలుగు అరిస్తేనే జనం నమ్ముతారని మా మేనేజరు గారి నమ్మకం. ఆయనకి తెల్ల పంచె, ముక్కుపొడుం, ముక్కు మీద కోపం ఉండేవి. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

“ఒరే సత్యం, కథ చెప్పకు. కథ అంచుదాకా తీసుకెళ్ళి అక్కడ వదిలీ. మిగతాది వాడే లోపలికొచ్చి చూసుకుంటాడు,” అనేవారు.

చాలామందికి ఆ అంచు ఎక్కడో తెలియదు. నాకూ తెలియలేదు. అది తెలిసిన రోజే నా పరువు పోయింది.

పాటల్లేని సినిమా

ఆ రోజుల్లో మా హాలు పరిస్థితి బాగాలేదు. బెంచీలు సగం ఖాళీ. ఇంకొక సినిమా ఇలాగే పోతే హాలు మూసి ఎరువుల గోడౌను చేసేస్తానని యజమాని మొహం మీదే చెప్పేశాడు. అలాంటప్పుడు ఈ సినిమా వచ్చింది. పేరున్న హీరో లేడు, ఫైటింగులు లేవు, ఒక్క పాట కూడా లేదు. శుక్రవారం రిలీజైతే గురువారం పొద్దున్న రీళ్ళు సరిచూసుకోవడానికి ఆపరేటరూ, మేనేజరు గారూ, నేనూ కూర్చుని చూసేవాళ్ళం. ఇంటర్వెల్లో మేనేజరు గారు పొడుం పీల్చి, “ఇది మన ఊళ్ళో ఆడదురా,” అన్నారు. ఆట పూర్తయ్యాక ముగ్గురం కాసేపు లేవలేదు.

కథ చిన్నది. ఏటి ఒడ్డున ఊళ్ళో ఒక డాక్టరు తన ఇంట్లోనే హత్యకి గురవుతాడు. బయటి ఊరినుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ ఇంట్లోనే మకాం పెట్టి డాక్టరు భార్యనీ, తమ్ముణ్ణీ, నర్సునీ, కాంపౌండర్నీ ఒక్కొక్కరినే పిలిచి అడుగుతాడు. ఆయన ఎవరిని అడుగుతున్నా మధ్యలో వంటావిడ కాఫీ తెస్తుంది. గ్లాసు పెడుతుంది, ఖాళీ గ్లాసు పట్టుకుపోతుంది. సినిమా మొత్తం మీద ఆవిణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘కాఫీ’ అంటారు, వస్తుంది. చివర్లో, కేసు తేలక ఇన్‌స్పెక్టరు పెట్టె సర్దుకుంటుంటే ఆవిడ ఆఖరి కాఫీ తెస్తుంది. అప్పుడాయన మొదటిసారి తలెత్తి ఆవిడ మొహం చూసి, “నీ పేరేమిటమ్మా?” అని అడుగుతాడు.

ఆవిడ చెబుతుంది. ఆ పేరు ఆయన అంతకు ముందొక చోట చదివాడు, డాక్టరు పాత రిజిస్టరులో, చనిపోయిన ఒక పిల్ల తల్లి పేరుగా. డాక్టరు తాగి ఇచ్చిన సూదికి పోయిన పిల్ల. ఆ తల్లి తన ఇంట్లోనే ఆరేళ్ళు వంట చేసినా డాక్టరు ఆవిణ్ణి గుర్తుపట్టలేదు.

చాలా సినిమాల్లో చివరి మలుపు జేబులోంచి తీసినట్టుంటుంది. అంతదాకా లేని కవల తమ్ముడు దిగుతాడు, లేకపోతే అదంతా కల అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఈ డైరెక్టరు ఒక్కచోట కూడా మోసం చెయ్యలేదు. ఇంట్లోవాళ్ళ ముందు ఇన్‌స్పెక్టరు బీరువా తాళం సంగతి అడిగినప్పుడు, వెనక గ్లాసులో పంచదార కలుపుతున్న చెంచా చప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. అంతే, మళ్ళీ కలుపుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేనది విననే లేదు. తర్వాత ఆపరేటరు గదిలోంచి ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ ఆ చెంచా దగ్గర నా ఊపిరి ఆగేది.

మంచి మలుపుకి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. ముగింపు తెలిసిపోయాక రెండోసారి చూడాలి. అప్పుడు ఇంకా బాగుంటే అది గొప్ప సినిమా. అలాగని మొదటిసారి చూసేవాడి దగ్గర ఆ మొదటిసారిని లాక్కునే హక్కు ఎవడికీ లేదు. నేను లాక్కున్నాను.

రావికమతం దారిలో

శుక్రవారం పొద్దున్నే జీపెక్కి రావికమతం వైపు బయలుదేరాను. రోడ్డు పక్క బెల్లం వండేచోట పదిమంది ఆడవాళ్ళు చెరుకు దించుతున్నారు. నాకో ఊపొచ్చింది. జీపు ఆపించి, గొంతు బాగా తగ్గించి, వినేవాళ్ళ వెన్నులో వణుకు పుట్టాలని ఇలా అన్నాను.

“హంతకుడు మొదటినుంచీ మీ కళ్ళముందే ఉంటుంది! మీరు మాత్రం పట్టుకోలేరు!”

చెరుకు మోపు కింద పడేసి ఒక పెద్దావిడ నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఏటి బాబూ, ఉంటాది అన్నావేటి? హంతకుడైతే ఉంటాడు కదేటి?”

“అదే, ఉంటాడు,” అన్నాను.

“నేదు నేదు, ఉంటాది అన్నావు. నాను విన్నాను. ఒసే, ఇన్నారా? ఆడదేనంట సంపింది!”

పదిమందీ ఒక్కసారి గొల్లున నవ్వారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

జరిగిందేమిటో తర్వాత ఆలోచించుకున్నాను. హంతకుడు అనమని నోటికి నేర్పాను గానీ, మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళముందు ఆ కాఫీ తెచ్చే ఆవిడే ఉంది. తెలుగులో వాక్యం చివర క్రియ కూర్చుంటుంది. అంతదాకా అబద్ధం బాగానే నడిచింది, క్రియ దగ్గరికొచ్చేసరికి నిజం బయటికి వచ్చేసింది.

దిద్దుకుందామని ఇంకో వెధవ పని చేశాను. జీపు వెనక్కి తిప్పించి అదే ఆడవాళ్ళ ముందు “ఉంటాడు! హంతకుడు ఉంటాడు! ఉంటాడండీ!” అని మూడుసార్లు అరిచాను. ఆ దెబ్బతో ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే అదీ పోయింది.

నా జీపు చోడవరం చేరేలోపే షేరు ఆటోల్లో కబురు చేరిపోయింది. మాడుగుల బస్సులో అయితే పెద్ద వాదనే నడిచిందట. ఉంటుంది అన్నాడంటే ఆడదైనా కావాలి, కుక్కైనా కావాలి అని ఒకాయన తేల్చాడట. మ్యాట్నీకి జనం బాగానే వచ్చారు, కానీ ఎందుకొచ్చారు? తెరమీద ఏ ఆడమనిషి కనిపించినా “అదిగో, అదే!” అని కేకలు వెయ్యడానికి. డాక్టరు భార్య ఏడిస్తే ఈలలు. నర్సు నడిస్తే ఈలలు. ఇంటర్వెల్ తర్వాత బెంచీలోంచి ఎవడో “కాఫీ తెచ్చేదేరా!” అని అరిచాడు. హాలంతా నవ్వింది. ఆ సినిమాలో నవ్వవలసిన చోటు ఒక్కటీ లేదు.

మేనేజరు గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు.

“ఒరే సత్యం! సినిమా ఆడదు, ఆడదు అని నేను ఏడుస్తంటే, ఆడదే అని నువ్వు మైకులో చెప్పీసేవేటిరా!”

పొడుం డబ్బా బల్ల మీద ఠపీమని కొట్టారు.

“ఉంటారు అంటే ఏం పోయేదిరా నీకు? హంతకుడికి కాస్త మర్యాద ఇస్తే నీ ముల్లె తరిగిపోద్దా? ‘హంతకులవారు మీ కళ్ళముందే ఉంటారు’ అంటే బ్రహ్మదేవుడికి కూడా తెలిసేది కాదు! రేపొక్క రోజు చూస్తాను. బాగుపడకపోతే మైకు ఇంకొకడికి ఇస్తాను. హాలంటూ ఉంటే.”

లేడీస్ గేటు

ఆఫీసు గదిలోంచి వచ్చి లేడీస్ గేటు పక్కన కుళాయి గట్టు మీద కూలబడ్డాను. నూకాలమ్మ అక్కడే చీపురు కడుగుతోంది. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు ఉంటాయేమో. ఆడవాళ్ళ టిక్కెట్లు చింపేది, ఆటకీ ఆటకీ మధ్య ఊడ్చేది. మేమెవరమూ ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. ‘ఏయ్ లేడీస్ గేటూ’ అనేవాళ్ళం. నేనూ అనేవాణ్ణి.

“ఎందుకు బాబూ అలగ కూకున్నావు?” అంది.

చెప్పాను. ఆమె చీపురు దులిపి గోడకి ఆనించింది.

“జారింది జారింది. ఎనక్కి తీయనేవు. దాని మీద ఇంకో నాలుగు ఎయ్యి. ‘ఆడు’ అను, ‘అది’ అను, ‘ఆల్లు’ అను. అన్నీ అనీ. అప్పుడేది నిజమో ఎవుడికి తెలుస్తాది?”

“అంటే సరిపోతుందా? చూసి వెళ్ళినవాళ్ళు బయట చెప్పేస్తున్నారే.”

ఆమె నవ్వింది.

“మాయమ్మ పురుళ్ళు పోసీది బాబూ. లోపల పిల్ల పడగానే బయట మగోల్లు ఆడా మగా అని తలుపు బాదీసీవోరు. లోపలున్న ఆడాల్లకీ నోరాగదు. మాయమ్మ ఇద్దరికీ ఒకే కేక ఏసీది. ‘ఆడో మగో అడగొద్దు, సూసినోల్లు సెప్పొద్దు!’ అని. నీకూ ఇద్దరు కావాలి కదా. అడిగీవోడూ మూసుకోవాలి, సెప్పీవోడూ మూసుకోవాలి.”

కుళాయి గట్టు మీదనుంచి అలాగే లేచి నిలబడ్డాను. మేనేజరు గారు ఇన్నాళ్ళూ నాకు చెప్పిన అంచు అదే. ఆమె ఆ మాట అనేసి, ఫస్ట్ షోకి ఆడవాళ్ళు వచ్చేస్తున్నారని గేటు తీయడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న అదే బెల్లం వండేచోట జీపు ఆపాను. “చంపినవాడెవడు? చంపినామె ఎవరు? చంపినవాళ్ళెందరు? ఆడో మగో అడగొద్దు! చూసినవాళ్ళు చెప్పొద్దు!” అని అరిచాను. నిన్న నవ్విన ఆడవాళ్ళే ఇవాళ వంత పాడారు. ఆదివారానికి ఊరూరా పిల్లలు దాన్ని పాటలాగా పాడుతున్నారు. మ్యాట్నీ చూసొచ్చిన భార్యలు భర్తలకి అన్నం వడ్డిస్తూ కూడా ముగింపు చెప్పలేదట. ‘కాఫీ తెచ్చేదే’ అని అరిచినవాణ్ణి బెంచీలో పక్కవాళ్ళే నోరు నొక్కి కూర్చోబెట్టారు. సినిమా మూడు వారాలు నిండుగా ఆడింది. యజమాని ఎరువుల మాట ఎత్తడం మానేశాడు. ఇప్పటికీ మా వైపు కడుపుతో ఉన్న పిల్లని ఎవరైనా ఆరా తీస్తే, పక్కనున్నవాళ్ళు ‘ఆడో మగో అడగొద్దు’ అని నవ్వుతారు.

రెండో వారంలో మేనేజరు గారు స్టాఫు అందరినీ నిలబెట్టి నా భుజం తట్టారు.

“ఈ మాట ఎలా తట్టిందిరా నీకు?”

నూకాలమ్మ మూడడుగుల దూరంలో టిక్కెట్టు ముక్కలు బుట్టలో వేస్తోంది. ఆమె పేరు చెప్పడానికి ఎంత సేపు పడుతుంది?

“ఏదో తట్టిందండీ,” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. బుట్ట పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు జిల్లాల్లో హాళ్ళవాళ్ళు, కొట్లవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నా గొంతు కోసం రాలేదు, నాకంటే మంచి గొంతులు ఉన్నాయి. ఆ మాట పుట్టించిన బుర్ర కోసం వచ్చారు. ఆ బుర్ర లేడీస్ గేటు దగ్గర ఊడుస్తోంది.

మీకు చెప్పవలసింది

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. సినిమా గురించి మాట్లాడేటప్పుడు క్రియ దగ్గర జాగ్రత్త. ఇంగ్లీషువాడు దాచుకోగలిగింది మన భాషలో దాగదు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనగానే సగం తెలిసిపోతుంది. అనుమానంగా ఉంటే అందరికీ మర్యాద ఇచ్చెయ్యండి. ‘చివర్లో పెద్ద ట్విస్టు ఉంది’ అని కూడా చెప్పకండి. అది విన్నవాడు సినిమా చూడటం మానేసి ట్విస్టు కోసం కాపలా కాస్తాడు.

ముగింపు ముందుగా చెప్పేసి లైకులు తెచ్చుకునేవాణ్ణి చూస్తే నాకు చెయ్యి చేసుకోవాలనిపిస్తుంది. తనకి తెలివి ఉందని అనుకుంటాడు. వినేవాడికంటే ముందు చూశాడు, అంతే.

ఇంకొకటి. మీకెవరైనా ఒక మాట ఇస్తే, అదే రోజు, అక్కడే, వాళ్ళ పేరు చెప్పండి. ఆ రోజు చెప్పడానికి ఒక్క క్షణం చాలు. మర్నాటికి రెండింతలు కష్టం. నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

కె.కోటపాడు

పోయిన నెలలో శ్రావణి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఫోన్లో సినిమాల మీద మాట్లాడుతుంది, బాగా మాట్లాడుతుంది. ఆ పాత సినిమా ప్రింటు ఎక్కడో దొరికిందనీ, కొత్తగా శుభ్రం చేశారనీ, మా హాల్లోనే ఒక ఆట వేస్తున్నామనీ చెప్పింది. ఈ సినిమా ఇన్నేళ్ళలో టీవీలో కూడా రాలేదు. ఆట ముందు నాకు సన్మానం చేస్తారట. ఫ్లెక్సీ ఫోన్లో చూపించింది. నా బొమ్మ, కింద ‘ఆ మాట పుట్టించిన మైకు మహారాజు’.

“ఈ ఫ్లెక్సీ వద్దమ్మా,” అన్నాను.

“అయ్యో, ప్రింటుకి ఇచ్చేసేం అంకుల్! ఫొటో బాగోలేదేటి?”

“ఫొటో బాగుంది. మాట నాది కాదు. ఆవిడ పేరు నూకాలమ్మ. ఇంటిపేరు రేపు చెబుతాను, ఇంకోటి వేయించు.”

ఆ పిల్ల నోరు తెరిచి నన్నే చూసింది. లోపలినుంచి మా ఆవిడ వచ్చింది.

“ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకండీ? పరువు పోతాది.”

“పోనీ. అది ఆవిడది,” అన్నాను.

మర్నాడు కె.కోటపాడు వెళ్ళాను. నూకాలమ్మ కూతురింట్లో ఉంటోంది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

“నూకాలమ్మా, నేను సత్యాన్ని. మైకు.”

“పోల్చేను బాబూ. గొంతేటి అలగ అయిపోనాది!”

నిలబడే అంతా చెప్పాను. ఆ రోజు మేనేజరు గారు అడిగినప్పుడు నీ పేరు చెప్పకపోవడం దొంగతనమేనని అన్నాను. ఆట రోజున నలుగురి ముందు చెబుతాను, నువ్వు వచ్చి శాలువా కప్పించుకోవాలన్నాను. ఆమె గింజలు తీస్తూనే వింది.

“శాలువా ఏటి సేసుకోను బాబూ, ఈ ఎండల్లో. అయితే ఒకటి. సినిమా మొత్తం ఏస్తారా? సివరాకరిది కూడానా?”

“మొత్తం వేస్తారు. ఎందుకు?”

“నాను సూడనేదు.”

నాకు అర్థం కాలేదు. ఆ హాల్లో ఆ సినిమా మూడు వారాలు ఆడింది, రోజుకి మూడు ఆటలు, ప్రతి ఆటకీ ఆమె ఉంది. ఆమే చెప్పింది. ఆఖరి రీలు ఎక్కించేటప్పుడు ఆపరేటరు బెల్లు కొట్టేవాడు. బెల్లు వినగానే గేటు మనుషులంతా బయటికి వెళ్ళి, తరవాతి ఆట జనాన్ని వెనక్కి నెట్టి, తలుపులు తీసి పట్టుకోవాలి. అది మా హాలు రూలు. అన్నేళ్ళు ఆ రూలు కింద పనిచేసి కూడా, గేటు తీసే మనిషి ఏ సినిమాకీ చివర చూడదని నాకొక్కసారి కూడా తట్టలేదు.

“మిగతా సినిమాలకేటి, తెలిసిపోద్ది. విలనుగోడు సస్తాడు, పెల్లవుద్ది. ఇదొక్కటే తెలీనేదు బాబూ. ‘నీ పేరేమిటమ్మా’ అంటాడు, బెల్లు కొట్టీసీవోడు. ఆయమ్మ మెల్లగా సెప్తాదంట, బయట జనం గోలలో నాకు ఇనపడదు.”

“బయటికొచ్చే ఆడవాళ్ళని అడగలేకపోయావా?”

“అడక్కేటి! ‘సూసినోల్లు సెప్పొద్దు’ అని నవ్వుకుంటా ఎలిపోయీవోరు. నువ్వూ అలగే అన్నావు కదా. మేనేజరు బాబు ముందర.”

నాకు జ్ఞాపకం లేదు. ఎంత తవ్వుకున్నా ఇప్పటికీ జ్ఞాపకం రాలేదు. అని ఉంటాను. ఆమె మాటే ఆమె మీద విసిరి, నలుగురూ నవ్వితే నేనూ నవ్వి ఉంటాను. సిగ్గుతో అరుగు అంచున కూర్చుండిపోయాను.

“ఆవిడ పేరు ఇప్పుడు చెప్పేస్తాను,” అన్నాను.

“వద్దొద్దు,” అని చింతపండు చెయ్యి అడ్డం పెట్టింది. “ఇన్నాల్లు ఆగేను. సూపించు.”

లేచేముందు ఇంటిపేరు అడిగాను.

“కర్రి. కర్రి నూకాలమ్మ. కాయితం మీద రాసుకో బాబూ, మరిసిపోతావు.”

ఆఖరి రీలు

హాలు ఇప్పుడు ఏసీ అయింది. బెంచీలు లేవు, లేడీస్ గేటు లేదు. ఆట ముందు నా చేతికి మైకు ఇచ్చారు.

“ఈ మాట నాది కాదు. కర్రి నూకాలమ్మ గారిది. నేను కాజేశాను. ఇన్నేళ్ళూ నన్ను మెచ్చుకున్నవాళ్ళంతా ఆవిణ్ణి మెచ్చుకున్నట్టు లెక్క,” అన్నాను. ఇంకా చెప్పాలనుకున్నాను, గొంతు అంతవరకే వచ్చింది.

ముందు వరసలో నాతోపాటు పెరిగిన ఒకాయన “అదేటి, మరిన్నాల్లూ?” అన్నాడు. “ఇన్నాళ్ళూ అబద్ధం,” అన్నాను. అప్పుడు శ్రావణి చప్పట్లు మొదలుపెట్టింది. నూకాలమ్మని స్టేజీ మీదికి రమ్మంటే రాలేదు. శాలువా ఆమె సీటు దగ్గరికే తీసుకెళితే మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

సినిమా మొదలైంది. చుట్టూ కుర్రాళ్ళు. ఒక్కడూ ఫోన్ తీయలేదు. చెంచా చప్పుడు ఆగినచోట ఆమె నా మోచెయ్యి గిల్లింది. అన్నేళ్ళ క్రితమే విందన్నమాట.

ఇన్‌స్పెక్టరు పెట్టె సర్దుకున్నాడు. కాఫీ వచ్చింది. ఆయన తలెత్తి, “నీ పేరేమిటమ్మా?” అన్నాడు.

నూకాలమ్మ లేచి నిలబడింది.

బెల్లు లేదు, ఏమీ లేదు. ఆమె కాళ్ళు వాటంతటవే లేచాయి. శాలువా జారి కింద పడింది. తలుపు వైపు తిరిగి ఒక అడుగు కూడా వేసింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను.

“కూకో నూకాలమ్మా. తలుపులు తీసీవోల్లు ఏరే ఉన్నారు.”

కూర్చుంది. తెరమీద ఆవిడ చాలా మెల్లగా తన పేరు చెప్పింది. నూకాలమ్మ పెదాలు ఆ పేరు రెండుసార్లు అనుకున్నాయి. ఇన్‌స్పెక్టరు కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పద అన్నట్టు తల ఊపాడు.

“పేరు సెప్పింది కదా, ఇంకేటి! ఒగ్గీండి ఆయమ్మని!” అంది నూకాలమ్మ, హాలంతా వినపడేట్టు.

వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. తెరమీద ఇన్‌స్పెక్టరు వదల్లేదు. జీపు ఏటి ఒడ్డు వెంట వెళ్ళిపోయింది. లైట్లు వేశారు.

“పట్టుకుపోనారు బాబూ,” అంది.

“అవును.”

“ఒగ్గీసినారనుకున్నాను. ఇన్నాల్లూ అలగే అనుకున్నాను.”

చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తలుపులు ఎవరో తీశారు, జనం మమ్మల్ని దాటుకుని బయటికి వెళ్తున్నారు. ఆమె లేవలేదు, నేనూ లేవలేదు.